మేడ మీద 3 కిలోవాట్లు: ఒక సబ్సిడీ డైరీ

ఆగస్టు 9, 2025

జూలై కరెంటు వాడకం 380 యూనిట్లు. బిల్లు చేతికి రాగానే ఎవరైనా అడుగున ఉన్న మొత్తం చూసి నిట్టూరుస్తారు. నేనూ ఇన్నాళ్లూ అంతే. ఈసారి మాత్రం మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు వేసే శ్లాబు రేట్లు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున. 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అక్కణ్ణుంచి 400 దాకా 8.75. నా 380 యూనిట్లకు వాడకం చార్జీ ఒక్కటే 2,373 రూపాయలు. స్థిర చార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు వేరే.

ఇందులో 1,356 రూపాయలు చివరి 155 యూనిట్లవే. అంటే సగానికి పైగా డబ్బు ఏసీ వల్ల తగిలే ఆ చివరి శ్లాబు ఒక్కదానికే పోతోంది.

మేడ మీద సోలార్ పెట్టుకునే ఇళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ గురించి మా ఆవిడ ఏడాదిగా అంటూనే ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పథకం, కోటి ఇళ్లు లక్ష్యం, 75,021 కోట్ల కేటాయింపు. సబ్సిడీ కిలోవాట్‌కు 30,000 చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడో కిలోవాట్‌కు 18,000. మొత్తం 78,000. ఆపైన ఎంత పెద్దది పెట్టుకున్నా అంతే. ఇంటి పైకప్పు మనది, మీటరు మనది అయితే చాలు. ఇక నుంచి జరిగిందల్లా ఇక్కడ రాసి పెట్టుకుంటాను. మర్చిపోతే మళ్లీ ప్యానెళ్లు అమ్మి బిగించే వెండర్ చెప్పిందే వేదం అయిపోతుంది.

ఆగస్టు 12

రాత్రి భోజనాలయ్యాక లెక్క వేశాను. ఈ డైరీలో ఇంకేమీ చదవకపోయినా ఇది చదవండి.

కోస్తాలో ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే నెలకు 120. నెట్ మీటర్ ఉంటే, గ్రిడ్ నుంచి తీసుకున్నదాంట్లోంచి మనం గ్రిడ్‌కు పంపింది తీసేసి, మిగిలిన నికర యూనిట్ల మీదే బిల్లు పడుతుంది. కాబట్టి సోలార్ యూనిట్ నా బిల్లును పైనుంచి కోసుకుంటూ వస్తుంది. ముందు 8.75 శ్లాబు తెగుతుంది, తర్వాత 6, ఆ తర్వాత చవక శ్లాబులు.

మొదటి కిలోవాట్ పెడితే 380 కాస్తా 260 అవుతుంది. నెలకు 1,050 రూపాయలు మిగులుతుంది. రెండోది పెడితే 140కి దిగుతుంది, ఇంకో 816. మూడోది పెడితే 20కి వస్తుంది. మిగిలేది 469 మాత్రమే. అవే ప్యానెళ్లు, అదే ఎండ, మూడో కిలోవాట్ సంపాదన మాత్రం మొదటిదాంట్లో సగం కూడా కాదు.

సబ్సిడీ కూడా ఇదే వాలులో ఉండటం చూసి నవ్వొచ్చింది. కేంద్రం లెక్క ప్రకారం మొదటి రెండు కిలోవాట్లకు ప్రామాణిక ఖర్చు 50,000 చొప్పున, అందులో 60 శాతం ఇస్తారు. మూడోదానికి 45,000, అందులో 40 శాతం. ప్రభుత్వం కూడా మూడోదాన్ని సగం మనసుతోనే ఇస్తోందన్నమాట. ఊళ్లో బోర్డుల మీద మాత్రం అన్నీ 78,000లే. 60,000 అని రాసిన బోర్డు నాకైతే ఒక్కటీ కనబడలేదు.

ఆగస్టు 16

ముగ్గురు వెండర్లను పిలిచాను. ముగ్గురి కాగితాల మీదా పెద్ద అక్షరాల్లో "సబ్సిడీ పోను" ధర. అసలు ధర ఎక్కడో కింద, చిన్నగా.

మొదటాయన కుర్చీలో కూర్చోకముందే "సార్, మీకు ఇది జీరో అండి" అన్నాడు. ఎలాగండీ అని అడిగితే బ్యాంకు లోను, కరెంటు బిల్లు బదులు నెల వాయిదా, అదీ వరస. లోను విషయం అబద్ధం కాదు. 3 కిలోవాట్ల దాకా 2 లక్షల లోపు, తాకట్టు లేకుండా, వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటు మీద అర శాతం. ఇప్పుడు రెపో 5.5 కాబట్టి 6 శాతం చుట్టూ పడుతుంది. సొంతంగా 10 శాతం పెట్టుకోవాలి. మంచి వడ్డీయే. కానీ జీరో అనే మాట ఎక్కడా లేదు. సబ్సిడీ వచ్చినా ఆ లోను ఖాతాలోకే జమ చేసుకుంటారు. నేను చీటీ పాడుకుంటానులే అనుకున్నాను.

రెండో ఆయన ఇంకో అడుగు ముందుకేసి "బ్యాటరీక్కూడా సబ్సిడీ వస్తదండి, హైబ్రిడ్ పెట్టేద్దాం" అన్నాడు. పథకం మార్గదర్శకాలు ఫోనులో తీసి చూపించాను. లెక్క ప్యానెళ్లకు, వాటి కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌కు. రెండింటి కిలోవాట్లలో ఏది తక్కువైతే దాని మీదే. బ్యాటరీ ఊసే లేదు. బ్యాటరీ పెట్టుకోకూడదని కాదు, పెట్టుకోవచ్చు, మన డబ్బులతో. ఆయన కాసేపు ఫోను చూసుకుని టీ తాగి వెళ్లిపోయాడు.

మూడో ఆయన కుర్రాడు. మేడ ఎక్కాక గానీ ధర చెప్పనన్నాడు. అది నచ్చింది. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, 3.24 కిలోవాట్లు. ఇన్వర్టర్ 3 కిలోవాట్లు, సబ్సిడీ 3కే. పన్నుకు ముందు 1,71,000, జీఎస్టీతో 1,94,598. రెండు కిలోవాట్లకు 1,38,000. ఈ రెండు అంకెలూ ఆ రాత్రి లెక్క పక్కన పెట్టాను. రెండు కిలోవాట్లయితే 60,000 పోను 78,000, మూడున్నరేళ్లలో తిరిగొస్తుంది. మూడో కిలోవాట్‌కు అదనం 56,598, అందులో 18,000 పోను 38,598. అది ఒక్కటే తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్లు.

ఇంతా చేసి మూడే తీసుకుందామనుకున్నాను. వచ్చే వేసవికి అమ్మ గదిలో ఏసీ తప్పదు, ఇండక్షన్ పొయ్యి కూడా కొనే ఆలోచన ఉంది. కారణాలివే అని మా ఆవిడతో చెప్పాను. నిజం చెప్పాలంటే 78,000 అనే అంకె నన్నూ లాగింది.

ఆగస్టు 17, ఆదివారం

మిట్టమధ్యాహ్నం టేపు, సుద్దముక్క పట్టుకుని మేడెక్కాను. అమలాపురంలో ఇల్లు కట్టుకుని కొబ్బరిచెట్టు నీడ తప్పించుకోవడం కుదిరే పని కాదు. దక్షిణాన పక్కింటి మాస్టారి చెట్టు మా పిట్టగోడ పైకి పన్నెండు అడుగులు లేచి ఉంది. నీడ చూస్తే అడుగు కూడా లేదు. కుర్రాడు "ఏం పర్లేదండి, పిట్టగోడకి ఆనించి పెట్టేద్దాం" అన్నాడు.

అక్కడే ఆగాను. ఆగస్టులో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు మూడో వారానికి మన అక్షాంశంలో మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అప్పుడు పన్నెండు అడుగుల చెట్టు నీడ పది అడుగులు పడుతుంది. ప్యానెళ్లు ఒకదానికొకటి దండగా కలిపి ఉంటాయి. ఒకదాని మీద నీడ పడ్డా దండ మొత్తానికి ఎంతో కొంత దెబ్బే. సుద్దముక్కతో పదిన్నర అడుగుల దగ్గర గీత గీసి, దీనికి ఇవతలే పెట్టమన్నాను.

ఇవతల అమ్మ సామ్రాజ్యం. వడియాలు, ఊరగాయ ముక్కలు, మంచం మీద మిరపకాయలు. "ఎండంతా నువ్వే కట్టేసుకుంటే నేనెక్కడ ఎండబెట్టుకోను రా?" అంది. స్ట్రక్చర్‌ను ఏడడుగుల ఎత్తుకు లేపితే కింద మనిషి తిరగొచ్చు, పక్కన ఎండ మిగులుతుంది. దానికి 12,000 అదనం. సబ్సిడీ లెక్కలో ఈ ఖర్చు ఎక్కడా కనబడదు, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది.

ఆగస్టు 24

అసలు మెలిక ఇవాళ దొరికింది. పథకం పోర్టల్‌లో మా కరెంటు సర్వీసు నంబరు కొట్టగానే పేరు వచ్చింది. మా తాతగారిది. ఆయన పోయి పద్నాలుగేళ్లు. బిల్లు కడుతున్నాం కదా అని ఎవరూ పట్టించుకోలేదు. సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా నాది, మీటరు ఆయనది. ఈ రెండూ కలవకపోతే చివర్లో డబ్బు ఆగిపోతుంది.

పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాను. మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, నాన్న తరఫు వాళ్లందరి సంతకాలతో అభ్యంతరం లేదన్న కాగితం. ఒక చిన్నాన్న రాజమండ్రిలో, ఒక అత్తయ్య తణుకులో. కరెంటు మీటరు పుణ్యమా అని ఇద్దరి ఇళ్లకూ వెళ్లి భోజనం చేసి వచ్చాను. సోలార్ పెట్టాలనుకునేవాళ్లు ప్యానెల్ ధర అడిగేముందు తమ బిల్లు మీద పేరు ఎవరిదో చూసుకోవాలి.

సెప్టెంబరు 4

నిన్న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం. సోలార్ పరికరాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అమలు 22 నుంచి. మేడ మీద సోలార్‌కు పన్ను రెండు ముక్కలు. ధరలో 70 శాతాన్ని సామానుగా, 30 శాతాన్ని పనిగా లెక్కేస్తారు. పనికి 18 శాతం అలాగే ఉంది. అంటే మొత్తం మీద 13.8 శాతం కాస్తా 8.9 అయింది. నా 1,71,000 మీద 1,94,598 బదులు 1,86,219. తేడా 8,379.

కుర్రాడికి ఫోను చేసి 22 తర్వాతే బిల్లు కొట్టమన్నాను. కాసేపు నసిగాడు. పాత స్టాకు పాత పన్నుతో కొన్నదట. "నా పేరు మార్పే ఇంకా అవ్వలేదు బాబూ, నేనెక్కడికి పోతాను" అన్నాను. తాతగారి పేరు అలా ఎనిమిది వేలు మిగిల్చింది.

సెప్టెంబరు 11

మెల్‌బోర్న్ నుంచి పిన్ని కొడుకు ఫోను. "అన్నయ్యా, మేం బ్యాటరీ పెట్టించాం, ధరలో 30 శాతం దాకా గవర్నమెంటే పెట్టుకుంటోంది" అన్నాడు. అక్కడ ఆ పథకం ఈ జూలై 1న మొదలైంది. 5 నుంచి 100 కిలోవాట్ అవర్ల (అంటే యూనిట్ల) బ్యాటరీలకు, అదీ సోలార్‌తో కలిపి పెడితేనే. వాడు కట్టిన బిల్లులోనే తగ్గించి ఇచ్చారట, తర్వాత ఎవరి చుట్టూ తిరగనక్కర్లేదు. డాలస్‌లో బావ కథ ఇంకో రకం. వాళ్లకు ఖర్చులో 30 శాతం ఆదాయపు పన్నులో తగ్గేది. జూలైలో సంతకమైన చట్టంతో అది ఈ డిసెంబరు 31తో ఆగిపోతోంది. ఆ లోపు పని పూర్తి చేయించాలని పరుగులు పెడుతున్నాడు.

ముగ్గురం ఒకే అమ్మమ్మ మనవలం, ముగ్గురికీ మూడు రకాల సాయం. తమ్ముడికి ముందే తగ్గింది. బావకు పన్నులో తగ్గుతుంది, పన్ను కట్టేంత ఆదాయం ఉంటే. నాకు వెనక్కి వస్తుంది, ముందు మొత్తం నేను పెట్టుకుంటే. చేతిలో లక్షా తొంభై వేలు లేనివాడికి 78,000 సబ్సిడీ బోర్డు మీద బొమ్మే. మన రాష్ట్రం ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు పూర్తి ఉచితంగా, బీసీలకు కేంద్రం ఇచ్చేదానిపై ఇంకో 20,000 అని ప్రకటించడం వెనక ఉన్నది ఈ ఇబ్బందే అనుకుంటాను.

మరి మనకు బ్యాటరీకి ఎందుకివ్వరని తమ్ముడు అడిగాడు. నాకు తోచింది చెప్పాను. వాళ్ల దగ్గర మధ్యాహ్నం గ్రిడ్‌కు పంపిన యూనిట్‌కు చిల్లర ఇచ్చి, సాయంత్రం యూనిట్‌కు నోటు తీసుకుంటారు. కాబట్టి మధ్యాహ్నపు కరెంటు దాచుకుంటే లాభం. నాకు నెట్ మీటర్ ఉంటే పగలు పంపిన యూనిట్, రాత్రి తీసుకున్న యూనిట్ ఒకదానికొకటి చెల్లు. గ్రిడ్డే నా బ్యాటరీ, అద్దె లేని గోదాము. మన దగ్గర నిల్వకు సాయం పెద్ద ప్లాంట్లకు వెళ్తోంది. 2023 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ 4,000 మెగావాట్ అవర్ల బ్యాటరీ ప్రాజెక్టులకు ఖర్చులో 40 శాతం దాకా ఇవ్వడానికి ఆమోదించింది. ఇళ్లకు కాదు.

అయినా 5 కిలోవాట్ అవర్ల లిథియం బ్యాటరీకి ధర అడిగాను. లక్షా పది వేలు, పైన 18 శాతం జీఎస్టీ. బిల్లులో ఒక్క రూపాయి తగ్గదు. కరెంటు పోయినప్పుడు మాత్రమే పనికొస్తుంది. వద్దనుకున్నాను.

సెప్టెంబరు 23

పేరు మారింది. పోర్టల్‌లో నమోదు, దరఖాస్తు, వెండర్ ఎంపిక, ఒప్పందం అన్నీ ఒకే రోజు. మా మీటరుకు మంజూరైన లోడు 2 కిలోవాట్లు, పెట్టేది 3. ఇక్కడ ఆగుతుందేమో అనుకున్నాను, ఆగలేదు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు లెక్క, లోడు పెంపు కూడా కరెంటు సంస్థే చూసుకోవాలి.

ఒప్పందంలో చూసుకున్నవి: ఐదేళ్ల నిర్వహణ వెండర్‌దే అని రాసి ఉందా, చివరి చెల్లింపు ఎప్పుడు అని. అడ్వాన్సు 1,20,000, సామాను దిగాక 60,000, మిగిలిన 18,219 నెట్ మీటర్ తిరిగాకే. ఆఖరి ముక్క మన దగ్గర ఉన్నంతకాలం మన ఫోను ఎత్తుతారు.

అక్టోబరు 9

ప్యానెళ్లు దిగాయి. సబ్సిడీ కావాలంటే ప్యానెలే కాదు, దానిలోపలి సెల్లు కూడా దేశంలో తయారైందే అయ్యుండాలి. వాడుకలో డీసీఆర్ ప్యానెల్ అంటారు. బయటి సెల్లుతో ఇక్కడ బిగించిన ప్యానెల్ కాస్త చవక, చూడటానికి రెండూ ఒకటే. తేడా సీరియల్ నంబర్‌లో ఉంటుంది.

అట్టపెట్టె విప్పకముందే ఒక్కో ప్యానెల్ పక్కకు తిప్పి, ఫ్రేము మీద బార్‌కోడ్ కింద ఉన్న నంబరు పెద్దగా చదివాను. మా అబ్బాయి డీసీఆర్ పత్రంలో టిక్కు పెడుతున్నాడు. ఐదు సరిపోయాయి. ఆరోది చదివాను. వాడు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూశాడు. "ఇది లేదు నాన్నా." మళ్లీ చదివాను, అంకె అంకె విడిగా. లేదు. ఆటో డ్రైవరు "ఏదో ఒకటి లెండి, అన్నీ నల్లగానే ఉన్నాయిగా" అన్నాడు. కుర్రాడి మొహం మాత్రం మాడిపోయింది. గోదాములో వేరే లాటు కలిసిపోయిందట. నమ్మాను. కానీ ఆ ఒక్కటి దింపనివ్వలేదు. మర్నాటికి వేరేది తెచ్చాడు, పత్రంలో ఉన్నదే.

ఆ ఆరో ప్యానెల్ ఎక్కేసి ఉంటే సబ్సిడీ దగ్గర ఏమయ్యేదో నాకు తెలుసుకోవాలని కూడా లేదు.

అక్టోబరు 12

రెండు రోజుల్లో పని అయిపోయింది. శ్లాబుకు రంధ్రాలు వద్దన్నాను, కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో కాళ్లు దింపారు. మూడు ఎర్తింగులు: ప్యానెళ్ల వైపు డీసీ కరెంటుకు ఒకటి, ఇంటి వైపు ఏసీ కరెంటుకు ఒకటి, పిడుగు కడ్డీకి విడిగా ఒకటి. బోల్టులన్నీ నేనూ ఒకసారి పానా పెట్టి తిప్పి చూశాను, మూడు వదులుగా ఉన్నాయి.

అక్టోబరు 29

నిన్న రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మధ్యాహ్నమే కరెంటు తీసేశారు. రాత్రి పదకొండింటికి గాలి మోత మారింది. ఈల పోయి హోరు మొదలైంది. మేడ మీద ఇనుము చప్పుడు వినిపించినప్పుడల్లా మా ఆవిడ నా వైపు, నేను పైకప్పు వైపు. కొబ్బరిమట్టలు దబ్ దబ్‌మని పడుతున్నాయి. అమ్మ మాత్రం "దిమ్మెలు పోయించావుగా, పడుకో" అంది.

తెల్లారి ఎక్కి చూస్తే ఒక మట్ట రెండు ప్యానెళ్ల మధ్య అడ్డంగా పడుకుని ఉంది. గాజు మీద గీత కూడా లేదు. ఒక కాలు దగ్గర మూల బోల్టు అరచుట్టు తిరిగింది, అంతే.

ఎండ వచ్చింది. ఆరు ప్యానెళ్లు మెరుస్తున్నాయి, కింద ఫ్యాను తిరగడం లేదు. పక్కింటి మాస్టారు గోడ మీద నుంచి "ఏవండీ, సోలార్ పెట్టించారుగా?" అని అడిగారు. ఈ ప్రశ్న ఇంకో పాతికేళ్లు వినాలి కాబట్టి జవాబు కుదురుగా చెప్పాను. మాకు ఇంకా మీటరు రాలేదు, అదొకటి. వచ్చినా ఇంతే. గ్రిడ్‌లో కరెంటు లేకపోతే ఈ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగకపోతే మా మేడ మీది కరెంటు వీధి తీగల్లోకి వెళ్తుంది, ఇప్పుడు ఆ మలుపులో స్తంభం ఎక్కి ఉన్న లైన్‌మన్ ఏమైపోతాడు? మాస్టారు అటు చూసి తలూపారు.

ఇంట్లో పాత 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లతో ఆరు గంటలు లాక్కొచ్చింది. అక్కడో ఆలోచన తట్టింది. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30. బ్యాటరీ పెంచే బదులు ఫ్యాన్లు మారిస్తే అదే బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. లక్షకు పైగా అయ్యే పని ఆరు వేలతో తీరింది.

నవంబరు 14

తనిఖీకి రెండు వారాలు ఆలస్యం. తుపాను తర్వాత సిబ్బంది అంతా స్తంభాలు నిలబెట్టే పనిలో ఉన్నారు, అడగడానికి కూడా మొహమాటమేసింది. ఇవాళ కరెంటు ఆఫీసు ఇంజనీరు ఏఈ గారు వచ్చి చూశారు, ఎర్తింగు కొలిచారు, మెయిన్ ఆపి ఇన్వర్టర్ ఆగుతోందో లేదో పరీక్షించారు. రెండు వైపులా లెక్కపెట్టే మీటరు బిగించారు. పదకొండున్నరకు తెర మీద బాణం గుర్తు ఇంటివైపు నుంచి వీధివైపు తిరిగింది. మా అబ్బాయి మోటారు వేశాడు, బాణం వెనక్కి తిరిగింది. ఆపాడు, మళ్లీ ముందుకు. అలా ఎనిమిదిసార్లు. ట్యాంకు నిండి పొర్లింది.

ఆఖరి 18,219 ఇచ్చేశాను.

నవంబరు 21

పోర్టల్‌లో పని పూర్తయినట్టు పత్రం వచ్చింది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, డబ్బు తనంతట తనే వస్తుందనుకుని. సబ్సిడీ కోసం మనమే మళ్లీ లోపలికి వెళ్లి, బ్యాంకు వివరాలు ఇచ్చి అడగాలి. రద్దు చేసిన చెక్కు ఫొటో మొదటిసారి మసకగా పడింది, మళ్లీ తీశాను.

డిసెంబరు 5

మొదటి బిల్లు, మూడు వారాలకు. ఇన్వర్టర్ లెక్క 252 యూనిట్లు. అందులో 80 ఇంట్లోనే వాడేశాం, 172 బయటకు వెళ్లాయి. లోపలికి వచ్చినవి 130. నికరం మైనస్ 42, వచ్చే బిల్లుకు జమ. స్థిర చార్జీల్లాంటివి కట్టాలి, అవి సోలార్‌కు లొంగవు.

ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు మూడో కిలోవాట్ గుర్తొచ్చింది. ఏసీ లేని నెలల్లో అది గ్రిడ్‌కే పనిచేస్తోంది. ఆఖరికి మిగిలిపోయే యూనిట్లకు ఇచ్చే రేటు మనం కొనే రేటుకు చాలా కింద ఉంటుంది. వేసవి వచ్చేదాకా దాని సంగతి మా ఆవిడ దగ్గర ఎత్తను.

డిసెంబరు 17

ఉదయం తొమ్మిదింటికి బ్యాంకు నుంచి సందేశం. 78,000 జమ. పెట్టింది 1,98,219, చేతి ఖర్చు 1,20,219కి దిగింది. చీటీ ఇంకా పద్నాలుగు నెలలు కట్టాలి.

డిసెంబరు 21, ఆదివారం

మధ్యాహ్నం మేడెక్కాను. ఆగస్టులో గీసిన సుద్దగీత ఎప్పుడో వానలకు పోయింది, టేపు పట్టుకుని మళ్లీ కొలిచాను. కొబ్బరి నీడ పది అడుగుల దగ్గర ఆగింది. ప్యానెల్ అంచుకు అర అడుగు దూరం. కుర్రాడికి ఫొటో పంపాను.

అయితే ఇన్వర్టర్ యాప్‌లో పొద్దుటి గీత కుంటుతోంది. తొమ్మిదిన్నర దాకా ఉండాల్సినదానికంటే కింద, ఆ తర్వాత ఒక్కసారిగా పైకి. నేను లెక్కేసింది మధ్యాహ్నానికి. చెట్టు సరిగ్గా దక్షిణాన లేదు, కాస్త తూర్పుకు జరిగి ఉంది. ఎనిమిదింటికి దాని నీడ ఇరవై అడుగులు దాటి, వచ్చి రెండు ప్యానెళ్ల మీద పడుతోంది. పత్రాలన్నీ చదివినవాణ్ణి, పొద్దున్నే ఒక్కసారి మేడెక్కి చూడలేదు.

మాస్టారితో చెప్పాను. "వచ్చే దింపుకి మట్టలు కొట్టించేస్తానండి, మొవ్వ మాత్రం ముట్టుకోనివ్వను" అన్నారు. కొబ్బరికాయల దింపు సంక్రాంతి ముందట.